ప్లెయిన్స్‌బరో పిల్లులు, మన పళ్ల బుట్ట

పెంపుడు పిల్లికి పళ్లు పెట్టవచ్చా అని మన ఊళ్లలో ఎవరూ పెద్దగా అడిగింది లేదు. అక్కడ పిల్లి సగం ఇంటిది, సగం వీధిది. గాదె కింద ఎలుకనో, గోడ మీద బల్లినో, పెరట్లో పిచ్చుకనో పట్టుకుని తన కడుపు తనే నింపుకునేది. మనం పెట్టే పెరుగన్నం ముద్ద దానికి అదనం. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో సంగతి వేరు. రూట్ వన్‌కి ఇటు అపార్ట్‌మెంటులో పెరిగే పిల్లి గడప దాటదు. దానికి ఎలుక లేదు, బల్లి లేదు. ఒంట్లోకి వెళ్లే ప్రతి మెతుకూ మన చేతి మీదుగానే వెళ్లాలి. అందుకే పల్లెలో పిల్లి నాకి వదిలేసిన మామిడి టెంకకూ, ఇక్కడ దాని గిన్నెలో రోజూ వేసే మామిడి ముక్కకూ లెక్క ఒకటి కాదు.

మధ్య న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ ఊళ్లలో ప్లెయిన్స్‌బరో ఒకటి. ఇక్కడి ఇళ్లలో పళ్లకు కొదవ ఉండదు. భారతదేశపు మామిడిపళ్లను అమెరికా 2007లో మళ్లీ రానిచ్చాక మే, జూన్ నెలల్లో అట్టపెట్టెలు ఇళ్లకు చేరుతున్నాయి. జులైలో పిల్లలతో తోటలకు వెళ్లి బ్లూబెర్రీలు కోసుకోవడం, సెప్టెంబరులో యాపిల్స్. మధ్యలో వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి. పళ్ల పళ్లెం వంటింటి గట్టు మీద పెట్టగానే పిల్లి ఎక్కి వాసన చూస్తుంది. ఆరు నెలలకని ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ఓ అరటిపండు ముక్క తుంచి దాని ముందు పెడుతుంది. “అమ్మా, దానికి పెట్టకు, పడదేమో” అంటుంది కూతురు. “ఒక్క ముక్కే కదే, నోరు లేని జీవం, ఆశగా చూస్తోంది” అంటుంది తల్లి.

ఈ ఇద్దరిలో ఎవరిది సరి? పశువైద్యులు, పోషకాహార నిపుణులు, విషపదార్థాలపై పనిచేసేవాళ్లు ఇప్పటిదాకా చెప్పినదంతా కలిపి చూస్తే నాకు తోచింది ముందే చెప్పేస్తాను. పిల్లికి పండు అవసరం లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి కొన్ని పళ్ల గుజ్జు వేలి కొనంత పెడితే కీడూ లేదు. కానీ మన తెలుగిళ్లలో నిజంగా భయపడాల్సినవి “పెట్టవచ్చు, పెట్టకూడదు” అంటూ తిరిగే జాబితాల్లో అన్నీ కనబడవు. అవి కిస్‌మిస్, చింతపండు, నిమ్మ నారింజ తొక్కల నూనె, నేల మీద దొర్లే గింజలు.

ముందు ఆ “ఆశగా చూడటం” సంగతి. పిల్లికి తీపి రుచి తెలియదు. ఇది ఊహ కాదు. ప్లెయిన్స్‌బరోకి కాస్త దూరంలోనే ఉన్న ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీద పరిశోధన చేసే మోనెల్ కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు షియా లీ, జోసెఫ్ బ్రాండ్ బృందం 2005లో దీని గుట్టు బయటపెట్టింది. నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకం తయారవడానికి రెండు జన్యువులు కావాలి. పిల్లిలో వాటిలో ఒకటి చెడిపోయి ఉంది. దానిలో 247 అక్షరాల ముక్క ఊడిపోయింది, జన్యువు పనిచేయదు. ఇంటి పిల్లిలోనే కాదు, పులిలోనూ చీతాలోనూ అదే లోపం కనిపించింది. మాంసం మీదే బతికే జంతువుకు తీపి గుర్తించాల్సిన పని లేకపోయింది, తరాలు గడిచేకొద్దీ ఆ గ్రాహకం పోయింది.

మరి ఖర్బూజా ముక్క కోస్తుంటే కొన్ని పిల్లులు అరుచుకుంటూ ఎందుకు పరుగెత్తుకొస్తాయి? వాటికి నచ్చేది తీపి కాదు, వాసన. ఖర్బూజా పరిమళంలో కొన్ని భాగాలు మాంసపు వాసనకు దగ్గరగా ఉంటాయని ఒక వివరణ ఉంది. నాకది నమ్మదగినదిగానే అనిపిస్తుంది గానీ గట్టి రుజువుగా చెప్పలేం. చల్లదనం, తడి, మెత్తదనం కూడా కారణాలే. అన్నిటికంటే పెద్ద కారణం, అది మన చేతిలో ఉండటం. పిల్లి పండు తినే తీరు దగ్గరగా గమనించండి. ముక్కు ఆనిస్తుంది, వెనక్కి తగ్గుతుంది, మళ్లీ వచ్చి గరుకు నాలుకతో ఒకటి రెండుసార్లు గీరుతుంది. తల పక్కకు వాల్చి వెనక పళ్ల మధ్యకు ముక్కను నెట్టి కత్తిరించబోతుంది. దాని దవడ కత్తెరలా పైకీ కిందికీ ఆడుతుందే తప్ప మనలా పక్కలకు ఆడి నమలదు. గుజ్జు జారిపోతుంది. రెండు నిమిషాల్లో వదిలేసి వెళ్లిపోతుంది. అమ్మమ్మ చూసిన ఆశ నిజమే, కానీ అది ఆమె దగ్గర కూర్చోవాలన్న ఆశ.

ఇక ఒంటి సంగతి. మనకు పండు ఎందుకు మంచిదో ఆ కారణాలేవీ పిల్లికి వర్తించవు. విటమిన్ సి కోసం మనం నారింజ తింటాం. పిల్లి తన కాలేయంలో ఆ విటమిన్ తానే తయారు చేసుకుంటుంది. మామిడిలో, బొప్పాయిలో పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఏగా మారుతుంది. పిల్లి ఒంట్లో మారదు. దానికి ఆ విటమిన్ మాంసం, కాలేయం, గుడ్డు వంటి వాటి నుంచి నేరుగా అందాలి. దాని లాలాజలంలో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైమ్ లేదు. ఒక్కసారిగా వచ్చిపడే చక్కెరను మన కాలేయం పట్టుకున్నంత చురుగ్గా దాని కాలేయం పట్టుకోలేదు, అందుకు కావలసిన ఎంజైమ్ అందులో చాలా తక్కువ. పండులో మిగిలేది నీళ్లు, కాస్త పీచు. నీళ్లు తాగని పిల్లికి నీళ్లు చేరడం మంచిదే. అదే పని తడి ఆహారం డబ్బా ఇంకా బాగా చేస్తుంది.

దీనికి తోడు టారిన్ ఉంది. జంతు మాంసంలో ఉండే ఈ పదార్థాన్ని పిల్లి తనకు సరిపడా తయారు చేసుకోలేదు. అది లేని ఆహారం పెడితే పిల్లుల కంటి రెటీనా పాడైపోతుందని 1975లో హేస్ బృందం చూపింది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో పాల్ పియాన్ బృందం మరో సంగతి కనిపెట్టింది. గుండె కండరం పల్చబడి ఉబ్బి చనిపోతున్న పిల్లులకు టారిన్ ఇస్తే చాలావాటిలో గుండె కోలుకుంది. ఆ తర్వాతే కంపెనీలు డబ్బా ఆహారంలో టారిన్ పెంచాయి, ఆ జబ్బు అరుదైపోయింది. పళ్లలో పిల్లికి పనికొచ్చేంత టారిన్ లేదు.

ఈ మాట ముఖ్యంగా శాకాహారుల ఇళ్లకు చెబుతున్నాను. మాంసం ముట్టని తెలుగిళ్లలో పిల్లి పెరగడం ఇక్కడ ఇప్పుడు మామూలైంది. అమ్మాయి తెచ్చుకుంటుంది, ఇంటిల్లిపాదీ దానికి దగ్గరవుతారు. వంటింట్లోకి చేపల డబ్బా తేవడానికి మాత్రం అత్తగారికి మనసొప్పదు. ఆ ఇబ్బందిని తక్కువ చేసి చూడకూడదు, అది ఒక జీవితకాలపు నియమం. కానీ ఆ ఇబ్బందికి జవాబుగా పిల్లి గిన్నెలో పెరుగన్నం, అరటిపండు, యాపిల్ తురుము చేరి, అసలు ఆహారం తగ్గిపోతూ వస్తే, బాధపడేది పిల్లే. కృత్రిమ టారిన్ కలిపిన శాకాహార పిల్లి ఆహారం దొరుకుతోంది. 1,369 పిల్లుల యజమానులు చెప్పిన వివరాలతో 2023లో ఆండ్రూ నైట్ బృందం ప్రచురించిన అధ్యయనం అలాంటి ఆహారం తిన్న పిల్లులకు నష్టం కనబడలేదంది. అయితే అది యజమానుల మాట, వైద్యపరీక్ష కాదు. ఆ దారిలో వెళ్లాలనుకున్నా అన్ని పోషకాలూ ఉన్నాయని ముద్ర ఉన్న ఆహారం, వెట్ సలహా, ఏటా రక్తపరీక్ష తప్పవు. ఇంట్లో పళ్లతో, పెరుగుతో ఆ లోటు పూడదు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల మూత్రపిండాలు ఉన్నట్టుండి పాడవుతున్నాయని అమెరికాలో విషసమాచార కేంద్రాలు గుర్తించింది 2000 సంవత్సరం అటూ ఇటూగా. ఒక కుక్క గుత్తెడు తిని బాగానే ఉంటుంది, మరొకటి గుప్పెడు తిని చనిపోతుంది. ఇరవై ఏళ్లు కారణం అంతు చిక్కలేదు. పురుగుమందా, బూజా, తొక్కలో రసాయనమా అని వెతికారు. చివరికి దారి దొరికింది ద్రాక్షలో కాదు, పిల్లలు ఆడుకునే పిండిముద్దలో. ఇంట్లో చేసిన ఆ ముద్దలో బేకింగ్‌కి వాడే క్రీమ్ ఆఫ్ టార్టర్ కలిపారు. అది తిన్న కుక్కలో అచ్చం ద్రాక్ష తిన్నప్పటిలాగే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. క్రీమ్ ఆఫ్ టార్టర్ అంటే టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలోనూ ఆ ఆమ్లమే ఉంది. జంతు సంక్షేమ సంస్థ ఏఎస్‌పీసీఏ విషసమాచార కేంద్రానికి చెందిన కొలెట్ వెగెనాస్ట్, సహచరులు 2021లో ఈ రెండిటినీ కలిపి ప్రచురించారు. కాయ రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి ఆ ఆమ్లం మోతాదు మారుతుంది కాబట్టి ఒక కుక్కకు ఏమీ కాకపోవడం, మరొకటి పోవడం కూడా అర్థమైంది.

ఆ తర్వాతి మెట్టు మన వంటింట్లోకే వచ్చి ఆగింది. టార్టారిక్ ఆమ్లం బాగా ఉండే మరో పండు చింతపండు. చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే రకం దెబ్బ కనిపించిందని ఆ బృందమే రాసింది. ద్రాక్షలో ఈ ఆమ్లం మామూలుగా ఒక శాతం అటూ ఇటూ ఉంటే, చింతపండు గుజ్జులో ఎనిమిది నుంచి పద్దెనిమిది శాతం దాకా ఉంటుంది. అమెరికన్ వెట్ చేతికిచ్చే జాబితాలో ద్రాక్ష ఉంటుంది, చింతపండు చాలాసార్లు ఉండదు. వాళ్ల ఇళ్లలో అది లేదు. మన ఇళ్లలో పప్పుచారుకి, పులిహోరకి, పచ్చడికి రోజూ నానబెడతాం. పిసికిన పిప్పి సింకులో వదిలేస్తాం.

ఇవన్నీ కుక్కల కేసులు, పిల్లి మాటేమిటి అని అడగవచ్చు. పిల్లుల్లో నమోదైన కేసులు చాలా తక్కువ. దాన్ని చూసి ద్రాక్ష పిల్లికి పడుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. తీపి తెలియని జంతువు ద్రాక్ష గుత్తి తినేయదు, తినకపోతే కేసు రాదు. కేసులు తక్కువగా ఉండటం వల్ల మనకు తెలిసేది పిల్లి ద్రాక్ష తక్కువగా తింటుందనే, అది తట్టుకుంటుందని కాదు. పైగా వయసు మళ్లిన పిల్లుల్లో మూత్రపిండాల జబ్బు చాలా ఎక్కువ, అదే వాటి బలహీనమైన చోటు. ఏఎస్‌పీసీఏ సహా విషసమాచార నిపుణులు పిల్లికీ ద్రాక్ష, కిస్‌మిస్ వద్దనే అంటున్నారు. నా లెక్కలో చింతపండు కూడా అదే వరసలోకి రావాలి.

ఆచరణలో ఇది పండగ రోజు సంగతి. సత్యనారాయణ వ్రతం చేసుకున్న రోజు రవ్వ ప్రసాదంలో నెయ్యి, పాలు, అరటిపండు, జీడిపప్పు, కిస్‌మిస్ కలుస్తాయి. పిల్లికి తీపి పట్టదు కానీ నెయ్యి వాసన పడుతుంది. నలభై మంది వచ్చిన ఇంట్లో కాగితం పళ్లేలు సోఫాల పక్కన నేల మీదే ఉంటాయి. నేతిలో వేగి ఉబ్బిన కిస్‌మిస్ పిల్లి నాకడానికి ఎంత అనువుగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ మూడు గంటలూ పిల్లిని నీళ్లు, ఇసుక పెట్టెతో పడకగదిలో ఉంచి తలుపు వేయడం మేలు. వచ్చినవాళ్లు తెచ్చే పూలగుత్తుల కోసమైనా ఆ పని చేయాలి. గుత్తిలో లిల్లీ ఉంటే, దాని రేకు నమిలినా, ఒంటికంటిన పుప్పొడి నాక్కున్నా పిల్లి మూత్రపిండాలు రెండు మూడు రోజుల్లో ఆగిపోవచ్చు. ఏ పండూ పిల్లికి లిల్లీ అంత ప్రమాదం కాదు. జూన్, జులైల్లో ఇక్కడి అపార్ట్‌మెంట్ల ముందు నారింజ రంగులో విరగబూసే డే లిల్లీలు కూడా అంతే.

వినాయక చవితికి పాలవెల్లి కడతాం. దారాలకు వేలాడే కాయలు పిల్లికి ఆటవస్తువులు. అక్కడ భయం పండు కంటే దారం. మింగితే పేగుల్లో మెలిక పడుతుంది.

నారింజ జాతి పళ్ల కథ వేరు. చాలా పిల్లులు నిమ్మ, కమలా, బత్తాయి వాసనకే ముక్కు తిప్పుకుంటాయి. ఆ అయిష్టం వాటికి మేలే చేస్తుంది. గుజ్జు కాస్త నాకితే మహా అయితే చొంగ కారుతుంది, వాంతి అవుతుంది. తొక్కలోని నూనె మాత్రం నిజంగా హాని. పిల్లి కాలేయంలో కొన్ని రసాయనాలను కడిగి బయటకు పంపే ఒక ముఖ్యమైన ఎంజైమ్ లేదు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మైకేల్ కోర్ట్, డేవిడ్ గ్రీన్‌బ్లాట్ 2000లో దానికి కారణమైన జన్యువు కూడా తీపి గ్రాహకం జన్యువులాగే చెడిపోయి ఉందని చూపారు. మనిషికి మామూలైన టైలెనాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీసేది ఇందుకే. తొక్కల నూనెలోని లిమొనీన్ వంటివి కూడా దానికి భారమే. 1980లలో అమెరికాలో ఈ నూనె కలిపిన, బొచ్చులో చేరే ఫ్లీ పురుగుల మందులో ముంచినప్పుడు పిల్లులు వణికిపోయి, ఒళ్లు చల్లబడి పడిపోవడం పశువైద్యులు రాసిపెట్టారు. ఇప్పుడు ఆ మందు స్థానంలో ఇళ్లలోకి నిమ్మ నూనె డిఫ్యూజర్లు వచ్చాయి. శీతాకాలంలో తలుపులన్నీ మూసిన రెండు గదుల ఇంట్లో రోజంతా అది నడిస్తే, పిల్లి ఆ తుంపర పీలుస్తుంది, బొచ్చు మీద పడ్డది నాకుతుంది. నారింజ తొనకంటే నాకు దీని గురించే దిగులు.

గింజల మాటకొస్తే భయాన్ని కాస్త సర్దుకోవాలి. యాపిల్ గింజల్లో, చెర్రీ, ఆప్రికాట్, పీచ్ టెంకల్లో సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉన్నమాట నిజం. అది బయటకు రావాలంటే గింజ పగలాలి, నలగాలి. పిల్లి నమలదు. పొరపాటున రెండు యాపిల్ గింజలు మింగితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పని లేదు. అసలు సమస్య గింజ పేగులో ఇరుక్కోవడం. సపోటా, లిచీ గింజలు నున్నగా మెరుస్తూ గట్టి నేల మీద తాకగానే జర్రున జారిపోతాయి. పిల్లి వాటిని పంజాతో కొట్టి, పట్టుకుని, నోట పెట్టుకుంటుంది. సపోటా గింజకు కొస దగ్గర చిన్న కొక్కెం ఉంటుంది, గొంతులో పట్టేస్తుంది. ఇవి తిన్నచోటే ఏరి చెత్తడబ్బాలో మూత పెట్టాలి.

సీతాఫలం గింజల్ని విడిగా చెప్పాలి. వాటిని నూరి పేల మందుగా తలకు రాసుకోవడం మన పల్లెల్లో తెలిసిందే. ఆ పొడి కంట్లో పడి నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్న మనుషుల కేసుల్ని మన దేశపు కంటి వైద్యులు నమోదు చేశారు. మనిషి కంటికే అంత మంట పెట్టేది నాలుగు కిలోల జంతువుకు మంచిది చేయదు. గింజ మింగితే చాలావరకు అలాగే బయటికి పోతుంది. నలిగిన గింజ, నూరిన పొడి మాత్రం దాని దరిదాపుల్లో ఉండకూడదు.

అవకాడో మీద ఉన్న భయం కొంత ఎక్కువే. దానిలోని పెర్సిన్ పక్షులకు, కుందేళ్లకు, మేకలకు, గుర్రాలకు గట్టి విషం. పిల్లుల్లో అలాంటి హాని పెద్దగా కనబడలేదు. కొవ్వు ఎక్కువ కాబట్టి కడుపు చెడవచ్చు, పైగా పెట్టాల్సిన కారణమూ లేదు. కొబ్బరి తురుము మన పిల్లులకు భలే ఇష్టం, చిటికెడు నాకితే ఏం కాదు, రోజూ అయితే విరేచనాలు. కొబ్బరినీళ్లు వద్దు, పొటాషియం ఎక్కువ. స్టార్‌ఫ్రూట్‌లో ఆక్సలేట్లు మూత్రపిండాలకు చెడ్డవి, దాన్ని పక్కన పెట్టేయండి. పచ్చి టమాటా, దాని ఆకులు కూడా వద్దు.

మరి పెట్టదగ్గవి? గింజ, తొక్క తీసిన ఖర్బూజా, పుచ్చకాయ, బ్లూబెర్రీ, యాపిల్ గుజ్జు, బొప్పాయి, మామిడి గుజ్జు, అరటిపండు. వీటిలో విషం లేదు. మోతాదు మాత్రం లెక్క చూసుకోవాలి. స్టెరిలైజ్ చేసిన, ఇంట్లోనే ఉండే నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. చిరుతిళ్లన్నీ కలిపి అందులో పదో వంతు దాటకూడదని వెట్‌లు చెబుతారు, అంటే 20 కేలరీలు. ఒక మోస్తరు అరటిపండు దాదాపు 105. పండంతా తినిపిస్తే దాని రోజు తిండిలో సగం అరటిపండే అయిపోయింది. వంద గ్రాముల మామిడిలో 60 కేలరీలు, అందులో 14 గ్రాముల దాకా చక్కెర. పుచ్చకాయ వంద గ్రాములకు 30. బ్లూబెర్రీ కాయ ఒక్కోటి ఒక కేలరీ లోపే.

అందుకే ప్లెయిన్స్‌బరోలో పిల్లికి ఏదో ఒక పండు పెట్టి తీరాలనుకునేవాళ్లకు నేను బ్లూబెర్రీనే చెబుతాను. ఇది ఈ రాష్ట్రపు సొంత పండు. ఇక్కడికి దక్షిణాన పైన్ అడవుల అంచున వైట్స్‌బాగ్ అనే చోట ఎలిజబెత్ వైట్ అనే రైతుబిడ్డ, ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త కలిసి అడవి పొదల్ని మచ్చిక చేసి, 1916లో తోటలో పండించిన తొలి బ్లూబెర్రీ పంటను అమ్మారు. పెద్ద కాయను రెండుగా కోసి సగం పెట్టండి. కోయకపోతే పిల్లి దాన్ని బంతిలా దొర్లించుకుంటూ సోఫా కిందకి పంపేస్తుంది, మీకు కార్పెట్ మీద ఊదా మరక మిగులుతుంది. ఒకటి రెండు కాయలు, వారంలో ఒకటి రెండుసార్లు. అంతకు మించి అవసరం కనబడదు.

ఈ సగం కాయ కూడా వద్దనాల్సిన పిల్లులున్నాయి. మధుమేహం ఉన్నది, మూత్రపిండాల జబ్బున్నది, బరువు పెరిగినది, మూత్రంలో రాళ్ల కోసం ప్రత్యేక ఆహారం తింటున్నది. అమెరికాలో పెంపుడు పిల్లుల్లో సుమారు 60 శాతం ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నాయని పెంపుడు జంతువుల ఊబకాయంపై పనిచేసే సంఘం లెక్క. అంటే ఈ వ్యాసం చదివి లేచి పక్కనున్న పిల్లిని చూస్తే, దానికి చిరుతిండి తగ్గించాల్సిన అవకాశమే ఎక్కువ. పక్కటెముకలు వేళ్లకు తగులుతున్నాయా, పైనుంచి చూస్తే నడుము కనిపిస్తోందా? ఈ రెండూ చూసుకున్నాకే పండు మాట.

పండుతో పాటు వెళ్లేవి కూడా లెక్కలోకి రావాలి. ఉప్పు కారం చల్లిన జామకాయ, మామిడి ముక్క పిల్లివి కావు. మామిడి లస్సీ, బనానా మిల్క్‌షేక్ కూడా కావు. వీటిలో చక్కెరకు తోడు పాలు. పాల ముచ్చట ఈ ఊరికి తగినదే. ప్లెయిన్స్‌బరోలోని వాకర్ గోర్డన్ డెయిరీ ఒకప్పుడు అమెరికాలోనే పేరున్నది. 1930లో యాభై ఆవుల్ని గుండ్రంగా తిప్పుతూ పాలు పితికే యంత్రం అక్కడ పెట్టారు. బోర్డెన్ కంపెనీ ప్రచారానికి వాడిన ఎల్సీ అనే ఆవు 1941లో చనిపోతే అక్కడే పూడ్చారు. అంత పాల చరిత్ర ఉన్న ఊళ్లో అయినా సరే, పెద్ద పిల్లికి పాలు అరగవు. పాలలోని చక్కెరను జీర్ణం చేసే శక్తి చాలావాటికి పాలు మరిచాక తగ్గిపోతుంది. పెరుగు కొంత మేలు. అయితే మన పెరుగన్నంలో తాలింపు పడుతుంది, పక్కన ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి, వండినా, పొడి చేసినా. పళ్ల గురించి జాగ్రత్తపడి, ఉల్లిపాయ వేసిన చికెన్ కూర పులుసు అన్నంలో కలిపి పెట్టే ఇళ్లున్నాయి. ఆ పులుసు పైన చెప్పిన పెట్టదగ్గ పళ్లన్నిటి కంటే ఎక్కువ హాని చేస్తుంది.

దుకాణాల్లో పిల్లి ఆహారం సంచుల మీద బ్లూబెర్రీలు, క్రాన్‌బెర్రీల బొమ్మలు చూసి పండు పిల్లికి మంచిదే కాబోలు అనుకోవడం సహజం. ఆ బొమ్మ కొనే మనిషి కోసం వేసింది. సంచి వెనక వైపు తిప్పి, పిల్లి వయసుకు తగ్గ సంపూర్ణ సమతుల ఆహారం అన్న వాక్యం, మొదటి పదార్థంగా ఏ మాంసం పేరు రాశారో చూడాలి.

ప్రేమగా ఏదైనా ఇవ్వాలనిపిస్తే పిల్లికి నచ్చేవి వేరే ఉన్నాయి. ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ పీచులు, ఎండబెట్టిన చేప తునకలు, శాకాహారం వండే ఇంట్లో గుడ్డుకు అభ్యంతరం లేకపోతే ఉడికిన గుడ్డు ముక్క. మొక్కలే ఇవ్వాలనుకుంటే కుండీలో పెంచిన గోధుమ గడ్డి, క్యాట్‌నిప్. మన పొలం గట్ల మీద కుప్పింటాకు వేరు పీకితే పిల్లులు చేరి దొర్లడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. దాన్ని తినిపించమని అనడం లేదు, ఆ మొక్కలో వేరే దోషాలున్నాయి. జపాన్‌లో కివీ జాతికి చెందిన సిల్వర్ వైన్ తీగ కాయలకు పిల్లులు అలాగే దొర్లుతాయి. దాని ఆకుల్లో ఉండే నెపెటలాక్టాల్ అనే పదార్థం ఒంటికి రుద్దుకున్న పిల్లుల మీద దోమలు తక్కువ వాలాయని 2021లో అక్కడి శాస్త్రవేత్తలు చూపారు. పిల్లి నిజంగా వెర్రెత్తిపోయే కాయ అంటూ ఉంటే అదీ. ఎండబెట్టిన పుల్లలు, పొడి అమెరికాలో పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతున్నాయి.

ఇంత చెప్పాక కూడా పొరపాటు జరగవచ్చు. పిల్లి కిస్‌మిస్‌లు తిన్నదని, చింతపండు పిప్పి నమిలిందని తెలిస్తే సాయంత్రం దాకా ఎదురుచూడకండి. మొదటి రోజు అది మామూలుగా ఆడుకుంటూనే ఉండవచ్చు, మూత్రపిండాల దెబ్బ రక్తంలో కనబడేసరికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించబోవద్దు. కుక్కలకు వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ పిల్లికి అసలే వద్దు, కడుపు లోపలి పొర పుండవుతుంది. మీ వెట్‌కి ఫోన్ చేయండి. రాత్రయితే ఇరవైనాలుగు గంటలూ పనిచేసే ఎమర్జెన్సీ వెట్ ఆసుపత్రికి గానీ, ఏఎస్‌పీసీఏ విషసమాచార కేంద్రానికి గానీ, పెట్ పాయిజన్ హెల్ప్‌లైన్‌కి గానీ చేయండి. ఈ రెండు కేంద్రాలూ రుసుము తీసుకుంటాయి, కానీ కేసుకు ఒక నంబరు ఇచ్చి మీ వెట్‌తో కూడా మాట్లాడతాయి. వాళ్లు అడిగేవి నాలుగు: ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, పిల్లి బరువెంత. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఒక్కరే ఉండే పగటిపూటల కోసం ఆ ఫోను నంబర్లు, పిల్లి బరువు తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి.